గొలుసు గుట్టు విప్పే వాక్యం

స్నేహితుడు గొలుసుకట్టు వ్యాపారంలో చేరాడని తెలియగానే ముందు నచ్చజెబుతాం, వినకపోతే కోప్పడతాం. ఈ రెంటికన్నా బాగా పనికొచ్చేది ఒకటి మన దేశంలో 1978 నుంచే ఉంది. అది చట్టంలోని ఒకే ఒక్క వాక్యం. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం, అంటే 1978 నాటి 43వ చట్టంలో, సెక్షన్ 2లో క్లాజు (సి). మనుషుల్ని చేర్చుకుంటూ డబ్బు తిప్పే పథకం అంటే ఏమిటో చెప్పే నిర్వచనం అది. చదవడానికి అర నిమిషం చాలు. దాన్ని కట్టిన తీరు అర్థం కావాలంటే మాత్రం ఒక్కో ముక్కనూ విడదీసి, మళ్ళీ కలిపి చూడాలి.

ముందు, ఆ వాక్యం చేయాల్సిన పని ఎంత కష్టమైందో చూద్దాం. కర్నూలు జిల్లా పడమటి కొసన, బళ్ళారి పొలిమేరలో హాలహర్వి ఉంది. ఇక్కడి నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాకా బతుకు వానను నమ్ముకున్నదే. పత్తి చేతికొస్తే ఆదోని మార్కెట్టుకు తోలుతారు. ఎమ్మిగనూరులో మగ్గాలు ఆడితేనే కూలి. చేలల్లో పనులు లేని నెలల్లో ఇళ్ళకు తాళాలు వేసి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. డబ్బు ఏడాదికోసారి, అదీ అనుమానంగా వచ్చే చోట ‘నెలనెలా’ అనే మాటకు చాలా బలం ఉంటుంది. పైగా పిలుపు కంపెనీ నుంచి రాదు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి నోట వస్తుంది: “అన్నా, ఒక్క మీటింగుకు రాప్పా. నచ్చకుంటే వద్దులే.” సరుకు చూసి కాదు, మనిషిని చూసి పోతాం. అమ్మేవాడూ కొనేవాడూ స్నేహితులే అయినప్పుడు మోసం ఎక్కడుందో వేలు పెట్టి చూపడం కష్టం. చట్టం రాసినవాళ్ళ ముందున్న చిక్కు ఇదే.

రిజర్వ్ బ్యాంకు నియమించిన జేమ్స్ ఎస్. రాజ్ అధ్యయన బృందం 1975లో ఇచ్చిన నివేదిక ఇలాంటి పథకాల్ని నిషేధించమని చెప్పింది. అయితే ఊరూరా ఆడవాళ్ళు వేసుకునే మామూలు చీటీ దీని కింద నలిగిపోకూడదు. అందుకే చట్టం మామూలు చీటీని విడిగా నిర్వచించి నిషేధం బయట ఉంచింది. ఆ తర్వాతే అసలు నిర్వచనం దగ్గరికొచ్చింది.

మొదటి ముక్క: ఏ పేరుతో పిలిచినా సరే. 1978లో నెట్‌వర్క్ మార్కెటింగ్ అన్న మాట మన ఊళ్ళ చెవిన పడలేదు. ఈ-కామర్స్ లేదు, వెల్‌నెస్ లేదు, ఆన్‌లైన్ కోర్సు లేదు. అయినా అవన్నీ ఈ ముక్కలో ఇమిడిపోతాయి. పథకాలు రెండేళ్ళకోసారి పేరు మారుస్తాయని ముందే ఊహించినవాళ్ళు పేరుకు విలువ లేకుండా చేశారు.

రెండో ముక్క: త్వరగా గానీ సులువుగా గానీ డబ్బు సంపాదించడానికి పెట్టినది. ఇక్కడ బలమంతా ‘గానీ’లో ఉంది. “రాత్రికి రాత్రి కోటీశ్వరులు కారు, అయిదేళ్ళు కష్టపడాలి” అని వేదిక మీద లీడరు చెబుతాడు. త్వరగా రాదని ఆయనే ఒప్పుకున్నాడు. కానీ అయిదేళ్ళ తర్వాత కింద ఉన్నవాళ్ళ పని మీద కూర్చుని తినవచ్చనీ అంటాడు. అది సులువైన డబ్బు. రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ముక్క పట్టుకుంటుంది.

మూడో ముక్క వాక్యానికి ఇరుసు: సభ్యుల చేరికకు సంబంధించిన ఏదైనా ఘటన మీదో, జరగవచ్చూ జరగకపోవచ్చూ అన్నదాని మీదో ఆ డబ్బు ఆధారపడి ఉండాలి. సరుకు మంచిదా చెడ్డదా అని గానీ, కంపెనీ విదేశీదా స్వదేశీదా అని గానీ ఇది అడగదు. డబ్బు దేని మీద వేలాడుతోందన్నదే దాని ప్రశ్న. కింద ఇంకొకరు చేరితేనే వచ్చే డబ్బు అయితే, పథకం దొరికిపోయినట్టే.

నాలుగో ముక్క తలుపు మూసేది: ఆ డబ్బు సభ్యుల ప్రవేశ రుసుము నుంచి వచ్చినా, విడతల చందా నుంచి వచ్చినా, రాకపోయినా. “మేం చేరినందుకు పైసా తీసుకోం, సరుకు మీద కమీషనే ఇస్తాం” అన్న వాదన దీని ముందు ఆగిపోతుంది. చేరడం ఉచితమే గానీ సభ్యత్వ ఐడీ యాక్టివ్ కావాలంటే ప్యాకేజీ కొనాలనే పద్ధతికీ ఇదే జవాబు. 2019లో సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టిన ఈబిజ్ అనే కంపెనీలో ప్యాకేజీ దాదాపు రూ.16,800. అమ్మింది కంప్యూటర్ పాఠాలు. వలలో పడ్డవాళ్ళలో విద్యార్థులు చాలామంది. పాఠాలు ఉన్నాయా లేవా అన్నది ఈ వాక్యానికి అక్కర్లేదు.

ఇంత పొందిగ్గా కట్టిన వాక్యానికి పదును పెట్టింది సుప్రీంకోర్టు. కలకత్తాలో సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థ 48 శాతం దాకా వడ్డీ ఇస్తూ జనం దగ్గర డిపాజిట్లు పోగేసింది. ఈ చట్టం కిందే దాని మీద కేసు పెట్టారు. 1982 ఫిబ్రవరి 2న స్వపన్ కుమార్ గుహ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ఈ నిర్వచనంలోని కామాల దాకా పరిశీలించారు. ‘సభ్యుల చేరిక’ అన్న షరతు, డబ్బు ఇస్తామన్న మాటకు బదులుగా డబ్బు తీసుకోవడం గురించి చెప్పే రెండో భాగానికేనా, ‘త్వరగా గానీ సులువుగా గానీ’ అన్న మొదటి భాగానికి కూడానా? కామాలు ఇంకాస్త ఆలోచించి పెట్టి ఉంటే సందేహమే ఉండేది కాదని ఆయన అన్నారు. కామాను మాత్రమే నమ్ముకుని తీర్పు చెప్పలేదు. షరతు రెంటికీ వర్తిస్తుందని తేల్చారు. అంటే రెండూ రుజువు కావాలి: పథకం త్వరగా గానీ సులువుగా గానీ డబ్బు వచ్చేదై ఉండాలి, ఆ డబ్బు సభ్యుల చేరిక మీద ఆధారపడాలి. ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు లేకుండా పేక నిలవనట్టే, ఒకటి లేకపోతే రెండోది నేరంగా నిలవదు. సంచయితలో వడ్డీ ఎంత అనుమానాస్పదమైనా, అది కొత్త సభ్యుల చేరిక మీద వేలాడుతోందన్న ఆరోపణ లేదు. అందుకని ఈ చట్టం కింద పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కోర్టు కొట్టేసింది. ఈ వాక్యం తనది కాని దాన్ని పట్టదు. అందువల్లే తనదాన్ని పట్టినప్పుడు దాని పట్టుకు విలువ.

ఆ పట్టు ఎంత గట్టిదో 2007 జూలై 19న హైదరాబాదులో తేలింది. అంతకు ముందు ఏడాది రాష్ట్ర సీఐడీ ఆమ్వే అనే కంపెనీ కార్యాలయాల్ని సోదా చేసింది. దాన్ని సవాలు చేస్తూ కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. ప్రధాన న్యాయమూర్తి జి.ఎస్. సింఘ్వీ, న్యాయమూర్తి సి.వి. నాగార్జున రెడ్డి ధర్మాసనం కంపెనీ ప్లాన్‌ను ముందు పెట్టుకుని, నిర్వచనంలోని ముక్కలతో ఒక్కొక్కటిగా పోల్చి చూసింది.

ఆ తరహా ప్లాన్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. కొనుగోళ్ళ మీద పాయింట్లు, పాయింట్ల మీద మెట్లు, పై మెట్టు 21 శాతం. ఉదాహరణకు మీ జట్టు మొత్తం కొనుగోళ్ళతో మీరు 21 శాతం మెట్టు ఎక్కారనుకుందాం. మీ కిందివాడి జట్టు 9 శాతం దగ్గరుంది. అతని జట్టు లక్ష రూపాయల సరుకు కొంటే 9 వేలు అటు పోతాయి, తేడా 12 వేలు మీకు వస్తాయి. ఆ లక్షలో మీరు అమ్మిన డబ్బా ఒక్కటీ లేదు. మీ 12 వేలకు ఆధారం ఒక్కటే: అతను మీ కింద చేరి ఉండటం, అతని కింద మరికొందరు చేరి ఉండటం. సబ్బు నిజమే, షాంపూ నిజమే. కానీ పైకి పోయే ఆ తేడా సొమ్ము నిర్వచనంలోని మూడో ముక్క మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. పథకం 2(సి) పరిధిలోకి వస్తుందని హైకోర్టు తేల్చింది.

కర్నూలుకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. 2014 మే నెలాఖరులో కర్నూలు పోలీసులు గుర్‌గావ్ వెళ్ళి ఆమ్వే ఇండియా అధిపతి విలియం స్కాట్ పింక్నీని అరెస్టు చేసి కర్నూలుకు తీసుకొచ్చారు. ఆయనకు తర్వాత బెయిలు వచ్చింది. తమది న్యాయమైన డైరెక్ట్ సెల్లింగ్ వ్యాపారమన్నదే కంపెనీ వాదన. ఆ పెద్ద పేరు పక్కనబెడితే మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది: ఈ జిల్లా కేంద్రంలో దాఖలైన ఫిర్యాదుకు ఢిల్లీ పక్కనున్న కార్యాలయం దాకా వెళ్ళే శక్తిని ఇచ్చింది 1978 నాటి ఆ చట్టమే.

చట్టంలో సెక్షన్ 3 కూడా అంతే జాగ్రత్తగా రాశారు. పథకాన్ని పెట్టడం, నడపడం, అందులో సభ్యుడిగా చేరడం, మరో రకంగా పాలుపంచుకోవడం, దానికోసం డబ్బు తీసుకోవడం, పంపడం: అన్నీ నిషేధమే. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు లేకపోతే ఏడాది జైలు, రూ.1,000 జరిమానాకు తగ్గకూడదు. మన స్నేహితుడు మోసపోయినవాడే గానీ, ఐడీలు వేయించడం మొదలుపెట్టాడంటే చట్టం దృష్టిలో పాత్రధారి కూడా. ఇది అతన్ని బెదిరించడానికి చెప్పే మాట కాదు. ఇక ఒక్కరిని కూడా చేర్చకుండా వెంటనే ఆపించడానికి చెప్పాల్సిన మాట.

నిజాయితీగా ఇంటింటికీ తిరిగి సరుకు అమ్మేవాళ్ళ సంగతి? వాళ్ళకోసం 2021 డిసెంబరు 28న కేంద్రం వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు తెచ్చింది. ప్రవేశ రుసుము వసూలు చేయకూడదు. అమ్ముకోగలిగినదానికి, వాడుకోగలిగినదానికి మించి సరుకు అంటగట్టకూడదు. ఒప్పందం చేసుకున్నాక మనసు మార్చుకోవడానికి కొంత గడువు ఇవ్వాలి. పిరమిడ్ పథకం నడపడం, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో మనుషుల్ని చేర్చడం కుదరదు. పాత వాక్యం ఏది నేరమో చెప్పింది, కొత్త నిబంధనలు ఏది న్యాయమైన అమ్మకమో చెప్పాయి.

మూడో ముక్కను ఇరుసుగా ఎందుకు పెట్టారో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలనుకోండి. 6, 36, 216, 1,296, 7,776, 46,656. ఏడో మెట్టు 2,79,936. ఆదోని పట్టణ జనాభా 2011లో లక్షా అరవై వేల పైచిలుకే. పదో మెట్టు 6,04,66,176, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు ఆ జనగణన చూపిన మొత్తం జనాభాకన్నా ఎక్కువ. ఇంకో సంగతి: ఆరో మెట్టు పూర్తయిన నాటికి కింద ఎవరూ లేనివాళ్ళు 46,656 మంది, వాళ్ళ పైనున్నవాళ్ళందరూ కలిసి 9,331 మంది. ప్రతి ఆరుగురిలో అయిదుగురు చివరి వరుసే. ఒక్కొక్కరు ఇద్దరినే చేర్చే లెఫ్టు, రైటు జోడీల పథకంలో కూడా చివరి వరుస ఎప్పుడూ సగానికి మించే ఉంటుంది. కష్టం ఎంత పడినా ఈ నిష్పత్తి మారదు. డబ్బు చేరిక మీద ఆధారపడ్డ క్షణమే ఎక్కువమంది నష్టం ఖాయమైపోతుంది. చట్టం రాసినవాళ్ళు ఆ క్షణాన్నే పట్టుకున్నారు.

ఈ ముక్కల్నే ప్రశ్నలుగా మార్చి స్నేహితుడి పక్కన కూర్చోవచ్చు. “ఈ నెల నువ్వూ, నీ కిందోళ్ళూ కొత్తగా ఎవర్నీ చేర్చకుంటే నీకెంత వస్తుందప్పా?” “ఐడీ లేని మనుషులకు ఎంత సరుకు అమ్మినావు? బిల్లులుండాయా?” “ఇదే సరుకు ఇదే ధరకు ఆదోని అంగట్లో పెడితే కొనేటోడు ఉంటాడా?” జవాబులు కాగితం మీద అతని చేతే రాయించాలి. కట్టిన డబ్బు తాలూకు రసీదులు, ఫోన్ చెల్లింపుల వివరాలు, గ్రూపులో వచ్చిన మెసేజీలు చెరపకుండా దాచమనాలి. మనసు మార్చుకునే గడువు ఇంకా ఉంటే సరుకు తిప్పి పంపించి డబ్బు అడగాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఆ వాక్యంలో అత్యాశ అన్న మాట లేదు, తెలివితక్కువతనం అన్న మాట లేదు. చేరినవాడి గుణాన్ని అది ఎక్కడా తూచదు. డబ్బు దేని మీద ఆధారపడి కదులుతోందని మాత్రమే చూస్తుంది. ఆ రచనలో నాకు అన్నిటికన్నా నచ్చిన నేర్పు అదే. మన మాట కూడా అలాగే ఉంటే, స్నేహితుడు తన్ను తాను సమర్థించుకోవాల్సిన అవసరం పడదు. ప్లాన్ కాగితాన్ని ఇద్దరి మధ్యా పెట్టుకుని లెక్క కట్టవచ్చు. అతను స్వయంగా కట్టిన లెక్కను ఏ మీటింగూ చెరపలేదు. ఐడీ వదులుకోవడం అప్పుడు అతని నిర్ణయమే అవుతుంది.