నిండిన సీట్ల లెక్క ఒక్కటే చాలదు

ప్రవేశాలు ముగిశాక విశ్వవిద్యాలయాలు ఒక పట్టిక పంపుతాయి. ఎస్టీలకు కేటాయించిన సీట్లు ఇన్ని, నిండినవి ఇన్ని, మిగిలినవి ఇన్ని. ఆ మూడు గళ్లు చూసి రిజర్వేషన్ సక్రమంగా అమలైందని సంతకం పెట్టేస్తారు. ఆ పట్టిక అబద్ధమని నేననను. కానీ అది చివరి మెట్టు దగ్గర నిలబడి లెక్కపెడుతోంది. మన పిల్లలు జారిపడేది అంతకు ముందరి మెట్ల మీద.

ముందరి మెట్లను పరిశీలిస్తే ఏం బయటపడుతుందో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం అనుభవం చెబుతుంది. అప్పట్లో అక్కడ పరిశోధన కోర్సుల ప్రవేశాలలో రాతపరీక్షకు 70, మౌఖికానికి 30 మార్కులు. మౌఖికంలో వివక్ష ఉందని విద్యార్థులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరకు ప్రొఫెసర్ అబ్దుల్ నఫే అధ్యక్షతన వేసిన కమిటీ చేసిన పని చాలా మామూలుది. సామాజిక వర్గాల వారీగా రాత మార్కులనూ మౌఖికం మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మధ్య తేడాలో వివక్షను సూచించే ధోరణి కనబడింది. మౌఖికం మార్కులు తగ్గించాలని కమిటీ 2016లో సిఫార్సు చేసింది. అదే ఏడాది యూజీసీ నిబంధనలు మాత్రం రాతపరీక్షను అర్హత వరకే పరిమితం చేసి, ఎంపికనంతా మౌఖికానికి వదిలేశాయి! ఆందోళనల తర్వాత 2018లో మళ్లీ 70, 30 అన్నారు.

ఆ కమిటీ పద్ధతికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. మార్కులు ప్రతి శాఖ దగ్గరా ఉంటాయి. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు, అంతే. ఖాళీగా మిగిలిన ఎస్టీ సీటు ఎదుట 'అర్హులు లేరు' అని రాస్తే చాలు, ప్రశ్న ముగిసిపోతుంది. దరఖాస్తు చేసినవారెందరు? మౌఖికానికి పిలిచినవారెందరు? ఇంట్లో కోయ, బడిలో తెలుగు మాట్లాడి పెరిగిన అమ్మాయిని ఇంగ్లీషులో పది నిమిషాలు ప్రశ్నించి వేసిన మార్కు దేనికి కొలత?

ఇంకో లోపం మన వైపు నుంచే మాట్లాడాలి. పట్టికలో 'ఎస్టీ' అన్నది ఒకే గడి. తెలంగాణ జనాభాలో 2011 లెక్కల ప్రకారం మనం 9 శాతం. 6 శాతంగా ఉన్న రిజర్వేషన్ 2022 సెప్టెంబరు 30న 10 శాతమైంది. మంచిదే. ఆ పదిలో నల్లమల చెంచులకు, ఆదిలాబాద్ కొలాములకు, గోదావరి కొండల్లోని కొండరెడ్లకు ఎన్ని సీట్లు అందాయి? దేశమంతటి ఉన్నత విద్య సర్వే 2021-22 నివేదిక స్థూల నమోదు నిష్పత్తి ఎస్టీలలో 21.2, అందరిలో కలిపి 28.4 అని చెబుతుంది. ఆ 21.2 లోపల ఏ తెగ ఎక్కడుందో చెప్పదు.

తెగల వారీ లెక్క అడిగితే లంబాడా, ఆదివాసీ తగాదా మళ్లీ రాజుకుంటుందని పెద్దలు కొందరు భయపడతారు. భయం ఉత్తిదేం కాదు, 2017లో చూశాం. అయితే లెక్క లేకపోవడం వల్ల తగాదా ఆగలేదు కదా. ఎవరికి తోచిన అంకె వాళ్లు చెప్పుకోవడానికి వీలైంది. పైగా తండాలో మొదటి డిగ్రీ చదివే పిల్లకూ ఆ లెక్క అవసరమే.

డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టార్లు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాయించండి. కేంద్రీయ విశ్వవిద్యాలయానికైతే రుసుము 10 రూపాయలు. పేర్లు అడగక్కర్లేదు. శాఖల వారీగా దరఖాస్తులు, పిలుపులు, రాత, మౌఖికం మార్కులు, చేరినవారు, మధ్యలో మానేసినవారు, వీలైతే తెగ. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'అటువంటి రికార్డు మా వద్ద లేదు' అని వచ్చినా ఆ కాగితం పారేయకండి. 338ఎ అధికరణం కింద ఏర్పడిన జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఫిర్యాదుకు దాన్నే జతచేసి పంపవచ్చు.