కారణం లేని మరక: వీడియో గేముల్లో ఉపరితలాల చిత్రణపై ఒక పరిశీలన

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నగరంలో మిషన్ సాన్ హోసే ప్రాంగణంలో రెండు మట్టిగోడలు పక్కపక్కనే ఉన్నాయి. ఈ మిషన్ స్థాపన 1797లో జరిగింది. 1809లో కట్టిన పచ్చి ఇటుకల చర్చి 1868 అక్టోబరు 21న వచ్చిన హేవర్డ్ భూకంపంలో కూలిపోయింది. ఆ స్థలంలో వెలసిన చెక్క చర్చిని 1980లలో అక్కడినుంచి తరలించి, పాత చర్చిని మళ్ళీ మట్టి ఇటుకలతోనే కట్టి 1985లో పూర్తిచేశారు. దాని పక్కన మతగురువులు నివసించిన భవనంలో కొంత భాగం మాత్రం మొదటినుంచీ నిలిచి, ఇప్పుడు మ్యూజియంగా ఉంది. ఒక గోడకు గతం ఉంది. రెండవదానికి గతాన్ని పోలిన రూపం ఉంది. రెండూ అబద్ధం కావు. కానీ వీడియో గేము కోసం గోడ తయారుచేసే కళాకారుడు ఎదుర్కొనే ప్రశ్న అంతా ఈ రెండింటి మధ్యనే ఉంది.

గేములో గోడ అంటే చదునైన పలక, దానిమీద అతికించిన బొమ్మ. ఆ బొమ్మనే టెక్స్చర్ అంటారు. ఇలా అతికించే పద్ధతిని ఎడ్విన్ కాట్‌మల్ యూటా విశ్వవిద్యాలయంలో 1974 నాటి తన పరిశోధనలో చూపాడు. చదునైన తలం మీద ఎత్తుపల్లాల భ్రమ కల్పించడం 1978లో జిమ్ బ్లిన్ చేసిన పని. నాక్సు, మబ్బు, పాలరాయి వంటి సహజమైన అస్తవ్యస్తతను గణితంతో పుట్టించే దారిని కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించాడు. నోల్ సోదరులు రాసిన ఫోటోషాప్ 1990లో బజారుకు వచ్చాక ఈ విద్య ప్రయోగశాలలు దాటి ఇంటి బల్లమీదికి చేరింది. 1996లో వచ్చిన క్వేక్ గేములో మొత్తం 256 రంగులే ఉండేవి. ఆ ఇరుకులోనే తుప్పు, రాయి, బురద అన్నీ ఇమడాలి.

ఫోటోషాప్‌లో మట్టిగోడ చేసే పద్ధతి చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ముందు మట్టిరంగు పరచి, దానిమీద సన్నటి నాయిస్ చల్లుతారు. క్లౌడ్స్ ఫిల్టర్‌తో పెద్ద మచ్చలు పుట్టించి పలచగా కలుపుతారు. ఆపైన నిజమైన గోడ ఫోటో ఒకటి ఓవర్లే పొరగా వేస్తారు. అసలు నేర్పు అంచుల దగ్గర ఉంది. ఒకే బొమ్మ గోడ పొడవునా పదేపదే పరుచుకుంటుంది కనుక ఎడమ అంచు కుడి అంచుతో అతకాలి. 1024 చుక్కల బొమ్మను ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో 512 చుక్కలు జరిపితే అతుకు నట్టనడుమకు వస్తుంది. అప్పుడు క్లోన్ స్టాంప్‌తో పక్కనున్న మట్టిని తెచ్చి ఆ గీతను మాపుతారు. మన కంసాలి టంకం కనబడకుండా చేసే పని లాంటిదే ఇది. అంత ఓపికా కావాలి.

ఈ మోసం ఎందుకు ఫలిస్తుందో బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెస్ చేసిన ప్రయోగాలు కొంత చెబుతాయి. ఉపరితలాన్ని కన్ను మొదటి చూపులో చుక్క చుక్కగా చదవదు. చుక్కల అమరికలోని కొన్ని గణాంక లక్షణాలను పట్టుకుని తృప్తి పడుతుంది. పరుగెత్తే ఆటగాడికి నాయిస్, మబ్బులు చాలు. అతడు ఆగి చూసినప్పుడే చిక్కు. ప్రతి రెండు గజాలకూ అదే పగులు, అదే వంపుతో కనబడుతుంది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పాతదనం కోసం కళాకారులు గీతలు, మరకలు, తుప్పు ఉన్న గ్రంజ్ పొరను అంతటా సమానంగా కప్పేస్తారు. ఇది ఏ రోగమూ లేని దేహానికి అన్ని రోగాల లక్షణాలనూ అంటగట్టడం వంటిది. నిజమైన గోడ మీద ప్రతి మరకకూ నిదానం ఉంటుంది. నేలలోని తేమ పైకి పాకడం వల్ల మట్టిగోడ పాదం దగ్గర ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. చూరునుంచి జారిన వాన నేలను కొట్టి చిమ్మిన ఎర్రచుక్కలు మోకాలెత్తు దాటవు. తలుపు పక్కన చేతులు ఆనే చోట సున్నం నునుపెక్కుతుంది. పొయ్యి గోడకు మసి పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పిడకలు కొట్టిన గోడ మీద వేళ్ళ గుర్తులు మనిషి చేయి అందేంతవరకే ఉంటాయి. కారణం తెలియకుండా వేసిన మరక ఎంత సహజంగా ఉన్నా అలంకారమే.

2012లో డిస్నీ తరఫున బ్రెంట్ బర్లీ వివరించిన పద్ధతి వంటివి గేముల్లోకి వచ్చాక పని తీరు మారింది. ఫోటోలోని ఎండ, నీడ తీసేసి వస్తువు స్వంత రంగును ఒక పటంగా, నునుపు గరుకులను మరొక పటంగా విడదీస్తారు. బొగ్గు తనపై పడ్డ వెలుతురులో నాలుగైదు శాతమే వెనక్కి ఇస్తుంది, తాజా మంచు ఎనభై శాతం దాటి ఇస్తుంది. ఈ కొలతలు తప్పితే ఏ దీపం కిందా బొమ్మ నిలవదు. కడప బండ నడిచే దారిలో మెరిసి గోడవార మసకగా ఉండడం, పేడతో అలికిన నేల ఆరిన చోట, తడి ఉన్న చోట వేర్వేరుగా కనబడడం వంటివి ఇప్పుడు చక్కగా చూపవచ్చు. సామగ్రి లోటు తీరింది. అయినా గ్రంజ్ అలవాటు పోలేదు, ఒక మీట నొక్కితే వచ్చే సౌకర్యంగా మారింది.

స్కాన్ చేసిన ఉపరితలాల భాండాగారాలు పెరిగాయి. వాటిలో పేరున్న క్విక్సెల్‌ను 2019లో ఎపిక్ గేమ్స్ కొన్నది. ఇక ప్రశ్న ఎవరి గోడలను స్కాన్ చేశారన్నది. ఐస్‌లాండ్ రాళ్ళు ఎంతో శ్రద్ధగా భాండాగారం చేరాయి. భారతదేశపు పాత గుడి అనగానే మాత్రం ఒకే గోధుమరంగు రాయి, నాచు సరిపోతాయన్న ధోరణి ఉంటే నష్టం చిన్నది కాదు. 1213 నాటి రామప్ప గుడిలో గోడలు ఎర్రని ఇసుకరాయి, మదనికలు నున్నటి నల్లరాయి, శిఖరం తేలికైన ఇటుక. బేలూరు, హళేబీడు శిల్పాలు తవ్వినప్పుడు మెత్తగా ఉండే రాతివి కనుకనే వాటిపై అంత సన్నని చెక్కడం సాధ్యమైంది. 2017లో వచ్చిన అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ హొయసల సామ్రాజ్యాన్నే కథాస్థలిగా ఎంచుకుంది. అటువంటి గేముల్ని అంచనా వేసేటప్పుడు శిల్పం ఆకారం కుదిరిందా అని అడిగే విమర్శకులు, రాయి రాయిగా కుదిరిందా అని కూడా అడగాలి.

ఫ్రీమాంట్‌లో పెరిగి ఈ విద్య నేర్చిన తెలుగు పిల్లలకు ఇందులో చేయదగిన పని ఉంది. సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు తాతగారింటి మట్టిగోడను మబ్బు పట్టిన రోజున, నీడ పడకుండా, కెమెరాను గోడకు సూటిగా పెట్టి తీయవచ్చు. కొలత తెలిసేలా పక్కన స్కేలు ఉంచాలి. మధ్యభాగం ఒక్కటే చాలదు. చూరు కింద, తలుపు పక్కన, నేల కలిసే చోట విడివిడిగా తీయాలి. ఆ గోడలకు ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు పూస్తున్నారు. సిమెంటు కింద తేమ బయటికి రాలేక లోపలి మట్టి మెత్తబడుతుంది, కొన్నేళ్ళకు పూత పలకలుగా ఊడుతుంది. దాన్నీ ఫోటో తీయవచ్చు.