యూసఫ్ లతీఫ్: వాదకుడు, విద్యార్థి, గురువు

జాజ్ అనిన తోడనే మనలో పెద్దలు చెవులు మూసికొందురు. అది నాట్యశాలల సందడియే తప్ప అందు సంగీతమేమున్నదని మేమును చిరకాలము తలంచితిమి. యూసఫ్ లతీఫ్ వాద్యమును వినిన పిదప ఆ తలంపును మార్చుకొనవలసివచ్చెను.

1920లో అమెరికాలోని చట్టనూగా పట్టణమున పుట్టిన ఈ నల్లజాతి కళాకారుడు డెట్రాయిటు నగరమున పెరిగెను. సాక్సఫోను వాదకుడై, 1949లో డిజ్జీ గిలెస్పీ మేళమున వాయించి పేరు గడించియు, మరుసటి యేట ఇల్లు చేరి విశ్వవిద్యాలయమున వేణువును, స్వరరచనను అభ్యసించెను. పేరు వచ్చిన పిదప పాఠములు చదువ కూర్చుండువారెందరు? పొట్టకై మోటారు కర్మాగారమున పనిచేయు దినములలో సిరియా దేశీయుడగు తోటి పనివాడొకడు రబాబును గూర్చి చెప్పగా, అట్టి వాద్యమును తన మేళమునకు చేర్చుకొనెను.

1961లో వాయించిన ‘ఈస్టర్న్ సౌండ్స్’ అను రికార్డునందు ఆయన ఓబోను వినవలెను. ఓబో మన సన్నాయికి దాయాది. రెండింటికిని జంటరెల్లు పీకయే ప్రాణము. ‘స్పార్టకస్’ చలనచిత్రపు ప్రణయరాగమును దానిపై పలికించునపుడు ఆయన ఒక్కొక్క స్వరమును నిలిపి, తూచి విడుచును. తొందర లేదు, గారడి లేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. చీనాదేశపు గుండ్రని వేణువును, రబాబును, హాలీవుడ్ బాణీలను ‘తూర్పు’ అను ఒక్క మూటగా కట్టుట మాకు రుచింపలేదు. రాగమునకును రాగమునకును గల భేదమును పాటించు చెవికి ఆ తూర్పు ఏ ఊరిదో తెలియదు. వింత యేమనగా, తన సంగీతమునకు ఇతరులిడిన ‘జాజ్’ అను పేరును ఆయనయే అంగీకరింపలేదు. అది దేహమనస్సులనుండియు, ఆత్మనుండియు వెలువడునదని తెలుపు వేరొక పేరు కల్పించుకొనెను.

ఆ లోపమును తరువాతి కృషియే తీర్చినది. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున విద్యాశాస్త్రమున డాక్టరు పట్టమందెను. 1981లో నానావిధ స్వరక్రమములను గ్రంథముగ కూర్చెను. ఆ యేడే నైజీరియాకు పోయి, నాలుగేండ్లు అచటి వేణువును శోధించెను. అప్పటికాయన వయస్సు అరువది. మావంటివారు పింఛను లెక్క చూచుకొని వీథి యరుగున కూర్చుండు వయస్సు! మరలివచ్చి, తాను పట్టమందిన విశ్వవిద్యాలయమునందే 2002 వరకు బోధించెను. 2013లో తనువు చాలించెను.

ఇంట తెలుగు, వీథిని వేరొక భాష గల మన కుటుంబములకు ఈ జీవితము పరాయిది కాదు. పొరుగువాని వాద్యమును పట్టుటకు సంకోచింప నక్కరలేదు. దాని పేరును, ఊరును అడిగి తెలిసికొని పట్టుట మర్యాద. మీ యింటి పిల్లలకు ఒక పూట ఆ ఓబోను, వెంటనే మన సన్నాయిని వినిపింపుడు. దాయాదులను వారే గుర్తింపగలరు.