ముందు జీవో, తర్వాత గ్రామసభ

ఏడో తరగతికి శక్తి వనరుల పాఠం చెబుతున్నాను. బొగ్గు అయిపోతుంది, ఎండా గాలీ నీరూ అయిపోవు అని బోర్డు మీద రెండు వరుసలు రాశాను. ఒక పాప లేచి, "మరి కొండ తవ్వేస్తే కొండ అయిపోదా సార్?" అని అడిగింది. ఆ పాప ఊరి కొండ మీద అప్పటికే సర్వే రాళ్ళు పాతారు. పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

మన అల్లూరి జిల్లాలో ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మాట ఎక్కువగా వినిపిస్తోంది. అనంతగిరి మండలం పెదకోటలో ప్రైవేటు కంపెనీకి ఇచ్చినది 1,000 మెగావాట్లది. కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కడతారు. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. పైకి తోడడానికి అయ్యే కరెంటు కంటే తిరిగి వచ్చేది తక్కువే. అంటే ఇది కరెంటును దాచుకునే గాదె. పొద్దు గూకాక సోలారు కరెంటు ఉండదు కాబట్టి అలాంటి గాదె కావాలన్న మాట నిజమే. దాన్ని ఎవరి నేల మీద కట్టాలో, ఎవరిని అడిగి కట్టాలో తేల్చే దగ్గరే నా అభ్యంతరం.

ప్రైవేటు కంపెనీ కట్టే విద్యుత్ కేంద్రాన్ని ప్రభుత్వం ఎలా అదుపు చేస్తుందో చూద్దాం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఉత్పత్తి కేంద్రం పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టయితే కేంద్ర విద్యుత్ అథారిటీ సమ్మతి కావాలి. ఆ అథారిటీ నదిని ఎంత బాగా వాడుతున్నారు, డ్యాము భద్రంగా ఉంటుందా అని చూస్తుంది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్ ధర తేలుస్తుంది. ఇక రాష్ట్ర ప్రభుత్వం 2022లో పంప్డ్ స్టోరేజీ విధానం, 2024లో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. 10 లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమని ప్రకటించింది. ఈ విధానాల బరువంతా కంపెనీని రప్పించడం మీదే ఉంది. డ్యాము గురించి అడిగేవారున్నారు, ధర గురించి అడిగేవారున్నారు. ఊరి గురించి అడగాల్సిన వంతు చివరికి వస్తోంది.

మనకు చట్టాలు లేక కాదు. 1/70 ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భూసేకరణకు ముందే గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది.

లోపం వరుసలో ఉంది. ముందు మంత్రివర్గం ప్రాజెక్టు కేటాయిస్తుంది, జీవో వస్తుంది, సర్వే జరుగుతుంది. అంతా అయ్యాక ఊరికి కబురొస్తుంది. అప్పటికి అధికారి మీద 'ఔను' అనిపించుకు రావాల్సిన భారం పడి ఉంటుంది. ఇక అది అడగడం కాదు, ఒప్పించడం. 2022 అటవీ సంరక్షణ నియమాలూ ఇదే దారి పట్టాయి. కేంద్రం ముందు అనుమతి ఇచ్చేయవచ్చు, అటవీ హక్కుల సంగతి ఆ తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది. పెళ్ళి ముహూర్తం పెట్టేసి పిల్లను ఇష్టమా అని అడిగినట్టుంది ఇది.

ప్రభుత్వమే కడితే ఇబ్బంది ఉండదని కొందరంటారు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు మొదలైంది, తర్వాత సీలేరు వచ్చింది. అవి ప్రభుత్వానివే. ఆ తీగలు మన తలల మీదుగా మైదానానికి పోయాయి, కింద మన గూడేలు ఏళ్ళ తరబడి కిరసనాయిలు బుడ్ల వెలుగులోనే గడిపాయి. కట్టేది ఎవరైనా మనల్ని ముందు అడగాలి. ఉద్యోగాలొస్తాయని మన యువకులే కొందరు ఆశపడుతున్నారు. వాళ్ళను తప్పు పట్టను. కానీ కట్టేటప్పుడు కూలి పని చాలామందికి దొరుకుతుంది, నడిపేటప్పుడు కావాల్సింది చదువుకున్న కొద్దిమందే. మన పిల్లల్లో ఆ చదువు ఎంతమందికి అందిందో ఉపాధ్యాయులకు తెలుసు.

మనమూ ఒక తప్పు చేస్తున్నాం. తీర్మానం రాసేది చాలా ఊళ్ళలో చదువుకున్న మనమే. ఖాళీ కాగితం మీద సంతకాలు పెట్టించిన రోజున మనలో కొందరం చూస్తూ ఊరుకున్నాం. పెసా ప్రకారం గ్రామం అంటే మన గూడెం, మన ఆవాసం. సభ అక్కడే జరగాలి. ప్రాజెక్టు నివేదిక తెలుగులో ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తీర్మానాన్ని అందరికీ అర్థమయ్యేలా మన భాషలో చదివి వినిపించాకే సంతకం చేయనివ్వండి. ఒక నకలు ఊళ్ళో దాచండి. గ్రామసభ తీర్మానం లేని ఏ కేటాయింపూ చెల్లదని రాష్ట్ర విధానంలోనే రాయమని పట్టుబడదాం.

ఆ పాపకు మర్నాడు జవాబు చెప్పాను. కొండ అయిపోతుందమ్మా, తవ్వితే మళ్ళీ రాదు అన్నాను. బోర్డు మీద కొండను బొగ్గు వరుసలో రాశాను.