తలుపు తెరిచే వ్యక్తికి తెలిసినది: హాడన్ నవలలో మాంటీ హాల్ సమస్య

మార్క్ హాడన్ ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ద నైట్-టైమ్’ (2003) నవలలోని 101వ అధ్యాయాన్ని బాలకథకుడు క్రిస్టఫర్ గణితప్రతిభా ప్రదర్శనగా మాత్రమే చదవడం సరికాదు. అక్కడ అతడు వివరించేది మాంటీ హాల్ సమస్య. మూడు తలుపుల్లో ఒకదాని వెనుక కారు, మిగిలినవాటి వెనుక మేకలు ఉంటాయి. పోటీదారు ఒక తలుపు ఎంచుకున్నాక నిర్వాహకుడు మేక ఉన్న మరో తలుపు తెరిచి, ఎంపిక మార్చుకుంటారా అని అడుగుతాడు. మార్చుకుంటే గెలుపు అవకాశం 2/3, లేకుంటే 1/3. 1990లో ‘పెరేడ్’ పత్రికలో మెరిలిన్ వాస్ సావంత్ ఈ సమాధానమే చెబితే గణితాచార్యులు సైతం తప్పుపట్టారు. (పీహెచ్‌డీ పట్టాలు వారిని కాపాడలేదు.)

కీలకమంతా నిర్వాహకుని ఎరుకలో ఉంది. కారు ఎక్కడుందో తెలిసి, దానిని తప్పించి తెరుస్తాడు కనుకనే ఆ చర్య సమాచారమవుతుంది. తెలియక తెరిచినప్పుడు మేక కనిపించినా మిగిలిన రెండు తలుపుల అవకాశాలూ సమానమే.

క్రిస్టఫర్ తండ్రి అటువంటి నిర్వాహకుడే. బతికున్న తల్లి మరణించిందని చెప్పాడు. ఆమె ఉత్తరాలను దాచాడు. ఈ అధ్యాయం నాటికి అవి బాలునికి దొరకలేదు. గణితంలో సమాధానాలు సూటిగా ఉంటాయన్న పాఠశాల మనస్తత్వవేత్త జీవన్స్ మాటను ఖండించడానికి అతడు ఈ సమస్యను ఎత్తుకుంటాడు. తండ్రి ఏ తలుపు మూసి ఉంచాడో మాత్రం ఆలోచించడు.