వంగపండు పాటలో జముకు, యంత్రం

పల్లె బాణీని పట్టణపు లయతో కలిపి రెంటికీ న్యాయం చేయడం ఏ భాషలోనైనా కొద్దిమంది వాగ్గేయకారులకే, అంటే పాటను తామే కట్టి తామే పాడేవారికే, చేతనైన పని. గ్రామీణ గీతశైలి అయిన కంట్రీని రాక్ సంగీతపు ఊపుతో కలిపిన కంట్రీ రాక్‌కు 1968లో అమెరికాలో బర్డ్స్ బృందం తెచ్చిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’, మరుసటి ఏడాది బాబ్ డిలన్ వెలువరించిన ‘నాష్‌విల్ స్కైలైన్’ ఆల్బమ్‌లను మేలిమి ఉదాహరణలుగా చెబుతారు. ఆ తర్వాతి కొన్నేళ్లలోనే, ఎలక్ట్రిక్ గిటారు గానీ పెద్ద కంపెనీ అండ గానీ లేకుండా, జముకు, కాలి గజ్జెలు, కంచు కంఠం పెట్టుబడిగా ఉత్తరాంధ్రలో అంతటి కలయికను సాధించినవాడు వంగపండు ప్రసాదరావు.

1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన ఆయన విశాఖపట్నం వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. స్వతంత్ర భారతం నీటిలోకి దించిన తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ను 1948లో తయారుచేసిన కార్ఖానా అది. పొలం గట్టు, కార్ఖానా షెడ్డు రెండూ ఆయనకు స్వానుభవాలే కనుక ఆయన పాటలో ఒకటి రెండోదానికి అలంకారంగా మిగిలిపోదు.

ఈ పాటకు వెన్నెముక జముకుల కథ. ప్రధాన కథకుడు పాడుతూ అడుగు వేస్తుంటే వంతపాటగాళ్లు పల్లవి అందుకొనే ఈ కళారూపం ఎల్లమ్మ కొలువులో పుట్టిందని పెద్దలు చెప్పుకొంటారు. చిన్న కుంచం లాంటి గుల్ల పాత్రకు ఒక వైపు తోలు బిగించి, ఆ తోలు నడుమ నుంచి నరపు తంతిని తీసి, దాని కొసకు చిన్న పుల్ల కడితే జముకు అవుతుంది. వాయించేవాడు పాత్రను చంకలో ఇరికించుకొని, ఒక చేత్తో తంతిని లాగి పట్టుకొని, రెండో చేత్తో మీటుతాడు. తంతి బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది, ఆ లేచి జారే ధ్వనిలోనే తాళం నడుస్తుంది. శ్రుతినీ తాళాన్నీ ఇలా ఒకే చేతివాటంతో నడిపించే ఈ వాద్యం చూపుకు ఎంత సాదాగా ఉంటుందో సాధనకు అంత కఠినమైనది. చంక పట్టు కొద్దిగా సడలినా నాదం పాలిపోతుంది.

‘యంత్రమెట్టా నడుస్తు ఉందంటే’ అన్న పాట ఈ లయజ్ఞానానికి శిఖరం. యంత్రం ఎలా నడుస్తున్నదన్న ప్రశ్నను ఎత్తుకొని, ఒక్కొక్క చరణంలో జవాబు విప్పుతూ, మర తిరుగుడును పాట నడకలోనే వినిపించి, ఆ తిరుగుడు వెనుక ఉన్న కార్మికుడి దగ్గరికి శ్రోతను చేర్చే ఆ కట్టుబడిని ఎంత పొగిడినా తక్కువే. శ్రమను గురించి తెలుగులో పాటలు ఎన్నో ఉన్నాయి. శ్రమ లయనే పాటగా మలచిన రచన మాత్రం దీనికి సాటి వచ్చేది మరొకటి కనబడదు. అనేక భాషల్లోకి వెళ్లిన ఘనత కూడా దీనికి దక్కింది.

భాషలోనూ ఆయనది అదే నిబ్బరం. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అన్న పిలుపులో పదాది వకారం జారిపోయి ‘వెళ్దాం’ ‘ఎల్దం’ కావడం యాస కోసం పూసిన రంగు కాదు. ఆ వకారాన్ని తిరిగి పెడితే నోటికి అడ్డుపడి, అడుగు తప్పుతుంది. ‘ఏటి’, ‘బేగి’, ‘గుంటడు’ వంటి మాటలను నవ్వించడానికి మాత్రమే వాడుకొనే సినిమాల మధ్య, అదే యాసను ఆయన గంభీరమైన పిలుపుగా నిలబెట్టారు. 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రం ఆ పాటను రాష్ట్రమంతటికీ చేర్చింది.

జముకును ఉద్యమాల వేదిక మీదికి తెచ్చిన ఘనత ఆయనకంటే ముందు శ్రీకాకుళ రైతాంగ పోరాట కవి సుబ్బారావు పాణిగ్రాహికి చెందుతుంది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి హతుడయ్యాక ఆ దారిని విస్తరించినవాడు వంగపండే. 1972లో రూపుదిద్దుకొన్న విప్లవ సాంస్కృతిక సంస్థ జన నాట్యమండలిలో ఆయన, గాయకుడు గద్దర్ సహచరులు. గద్దర్ గొంతులోని ఉప్పెన ఎంత గొప్పదైనా, పాట కట్టడంలోని పనితనం దగ్గర పెద్దపీట ఈ ఉత్తరాంధ్ర బిడ్డకే వేయాలి. బుర్రకథకు నాజర్ రూపంలో పద్మశ్రీ వచ్చింది, అది న్యాయమే. అటువంటి గౌరవం అందుకోకుండానే వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూయడం తెలుగు సమాజానికి తీరని వెలితి.

అంతకంటే బాధాకరం ఇప్పుడు ‘ఉత్తరాంధ్ర జానపదం’ పేరుతో చలామణి అవుతున్న సరుకు. కీబోర్డులో ముందే నింపిపెట్టిన డప్పు శబ్దం మీద, నాలుగు యాస మాటలను ద్వంద్వార్థాలతో అతికించి, ఊరేగింపుల్లో డీజే పెట్టెలతో గుండెలదిరేలా మోగించడాన్ని జానపదం అనడం జానపదుల్ని అవమానించడమే. యంత్రం సృష్టించిన తాళం దెబ్బకు దెబ్బకు మధ్య రవ్వంత కూడా మారదు. కథకుడి ఊపిరిని బట్టి, వంతగాడి అందిపుచ్చుకోలును బట్టి సాగి కుదించుకొనే జముకు ప్రాణమంతా ఆ మార్పులోనే ఉంది. యంత్రాన్ని పాటలోకి తెచ్చిన వంగపండు ఊపిరిని వదులుకోలేదు; ఈ నకళ్లు యంత్రాన్ని ఉంచుకొని ఊపిరిని వదిలేశాయి. అసలు కళాకారులు కూలి పనులకు పోతుంటే వారి బాణీలు ఊరూ పేరూ లేకుండా అమ్ముడుపోవడం దొంగతనం కాక మరేమిటి?

విశాఖపట్నం మద్దిలపాలెంలోనే కళాభారతి వేదిక ఉంది, పక్కనే 1926 నుంచి నడుస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఏటా ఒక్క సాయంత్రాన్ని జముకుల కథకు కేటాయించడం, మిగిలి ఉన్న కథకుల చేతివాటాన్ని దగ్గరగా చిత్రీకరించి భద్రపరచడం ఈ రెండింటికీ భారం కాబోదు. వంగపండు సభల్లో పాడినప్పటి క్యాసెట్లు షిప్‌యార్డు, ఉక్కు కార్మికుల ఇళ్లలో ఎక్కడైనా ఉంటే, వాటిని విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి చేర్చవలసిందిగా మనవి. సముద్రపు చెమ్మకు క్యాసెట్ రిబ్బను ఎక్కువ కాలం నిలవదు.