చలికి బిగుసుకుపోని రబ్బరు

వింటర్ టైరు కొనడానికి వెళ్లినప్పుడు ముందు దాని ట్రెడ్‌ను, అంటే రోడ్డును తాకే పై భాగాన్ని, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పక్కనున్న ఆల్ సీజన్ టైరును కూడా అలాగే నొక్కండి. వేడి సరిగా అందని నవంబరు నాటి షాపులో ఈ తేడా వేలికే తెలిసిపోతుంది. ఒకటి లొంగుతుంది, ఒకటి ఎదురు తన్నుతుంది. టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో కాపురం పెట్టి, క్యామ్రీయో అకార్డో కొనుక్కున్న మనవాళ్లు మొదటి చలికాలం రాగానే అడిగేది ఏ కంపెనీ టైరు మంచిదని. ఆ ప్రశ్న సరైనదే. అయితే ఆ టైరు లోపల ఎంత పని జరిగిందో ఒకసారి చూస్తే ఎంపిక సగం తేలికవుతుంది. తయారుచేసిన వాళ్ల మీద గౌరవమూ పెరుగుతుంది.

కుటుంబమంతా ఎక్కి, డిక్కీలో సామాను కూడా పెడితే సెడాన్ బరువు దాదాపు రెండు టన్నులకు చేరుతుంది. ఆ బరువంతా రోడ్డును తాకేది నాలుగే చోట్ల. ఒక్కో చోటూ సుమారు అరచేయంత. బ్రేకు, స్టీరింగు, కారులోని కంప్యూటర్లు అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఆధారపడతాయి. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అది కదలడానికి సాయం చేస్తుంది గాని, ఆగడానికి అక్కరకు రాదు. ఆపేది టైరే.

ఫిన్లాండ్‌లో టాంపెరే నగరం పక్కన నోకియా అనే ఊరుంది. ఫోన్ల వల్ల మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరే. ఆ ఫోన్ల కంపెనీ, ఈ ఊరి టైర్ల కంపెనీ ఒకప్పుడు ఒకే సంస్థ. 1988లో టైర్ల భాగం నోకియన్ టైర్స్‌గా వేరుపడింది. అంతకు చాలా ముందే, 1934లో, మంచు రోడ్ల కోసమే వాళ్లు లారీలకు ఒక టైరు చేశారు. ప్రపంచంలో మొదటి వింటర్ టైరు అదేనని కంపెనీ చెప్పుకుంటుంది. కార్లకు హక్కపెలిట్టా అనే టైరు 1936లో వచ్చింది. ఆనాటి రోడ్ల మీద మంచును ఎత్తిపోసే ఏర్పాట్లు తక్కువ. కారు మంచును తొక్కుకుంటూనే పోవాలి. అందుకని ట్రెడ్‌లో అడ్డంగా పెద్ద పెద్ద దిమ్మెలు పెట్టారు. ఆ పేరుతో టైర్లు నేటికీ వస్తున్నాయి. ఉత్తర ధ్రువ వృత్తానికి పైనున్న ఇవాలోలో గడ్డకట్టిన నేల మీద వాటిని పరీక్షిస్తారు. ఒకే పనిని తొంభై ఏళ్లుగా వదలకుండా చేస్తున్న చేతులు ఎక్కడున్నా మెచ్చుకోవలసిందే.

రబ్బరు సంగతి చూద్దాం. చలి పెరిగేకొద్దీ ఏ రబ్బరైనా బిగుసుకుంటుంది. ఒక హద్దు దాటితే గాజులా పెళుసైపోతుంది. ఆ హద్దు సహజ రబ్బరుకు సున్నాకు దిగువన డెబ్బై డిగ్రీల దగ్గర ఉంటుంది, పాలీబ్యుటడైన్ అనే కృత్రిమ రబ్బరుకు ఇంకా కింద, మైనస్ వంద దగ్గర. వేసవి టైర్లలో వాడే రబ్బరు మిశ్రమాలకు ఆ హద్దు చాలా పైన ఉంటుంది. అందుకే 7 డిగ్రీల కింద వేసవి టైరు పట్టు సడలుతుందని టైర్ల వాళ్లు ఒక లెక్క పెట్టుకున్నారు. మంచు పడకపోయినా సరే, చలి ఒక్కటే చాలు. పొడి రోడ్డును చూసి "ఇంకా మంచు పడలేదుగా" అనుకునేవాళ్లు ఈ అంకెను గుర్తు పెట్టుకోవాలి.

అలాగని మెత్తని రబ్బరు పోసేస్తే సరిపోదు. ఉత్త మెత్తదనమే ఉంటే టైరు ఒక్క సీజనుకే అరిగిపోతుంది, తడి రోడ్డు మీద నిలవదు. బలం ఇవ్వడానికి పూర్వం మసిని, అంటే కార్బన్ బ్లాక్‌ను కలిపేవారు. దానికి బదులు ఇసుకలో ఉండే సిలికాను సన్నని పొడిగా కలిపితే చలిలో మెత్తదనం చెడకుండా తడి రోడ్డు మీద పట్టు దొరుకుతుంది. చిక్కేమిటంటే సిలికాకు, రబ్బరుకు పొసగదు. సిలికా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. రెండింటినీ కలిపి కట్టడానికి గంధకం ఉన్న సిలేన్ అనే రసాయనాన్ని వాడతారు. ఒక కొస సిలికాను పట్టుకుంటే ఇంకో కొస రబ్బరును పట్టుకుంటుంది. మిక్సరులో వేడి 140 నుంచి 160 డిగ్రీల మధ్య నిలబెట్టాలి. తగ్గితే సిలేన్ అతుక్కోదు. పెరిగితే అందులోని గంధకం అచ్చులోకి వెళ్లకముందే రబ్బరును గట్టిపరచడం మొదలుపెడుతుంది. ఈ ఇరవై డిగ్రీల సందులో పని చేయడం నేర్చుకున్నాకే మిషెలిన్ 1992లో సిలికా టైరును మార్కెట్‌లోకి తెచ్చింది. నోకియన్ వాళ్లు కనోలా నూనె కూడా కలుపుతారు. టైరు నల్లగా ఉంటుంది కాబట్టి లోపల జరిగిన ఈ వంటంతా కొనేవాడి కంటికి కనబడదు. బొటనవేలికి మాత్రం తెలుస్తుంది.

కంటికి కనబడే పనితనం ట్రెడ్ మీది సన్నని కోతలది. ఒక్కో దిమ్మె మీద వంకరటింకరగా, వెంట్రుక దూరేంత సందుతో గీతలుంటాయి. వీటిని సైపులంటారు. ఒక్కో టైరులో ఇవి వందల్లో ఉంటాయి. ప్రతి గీతా ఒక అంచును ఇస్తుంది, ప్రతి అంచూ మంచును గోకి పట్టుకుంటుంది. పెద్ద గాడుల పని వేరు. వాటిలో మంచు కూరుకుపోయి గట్టిపడుతుంది. మంచు మంచుకే బాగా అతుక్కుంటుంది గనుక ఆ గాడుల్లో ఇరుక్కున్న మంచే కింది మంచును పట్టి కారును ముందుకు లాగుతుంది. టైరులో మంచు అంటుకుపోయి కనబడితే చెడ్డ టైరు అనుకోకండి. అది పని చేస్తున్నట్టే.

ఇక్కడ తయారీదారుకు ఒక పెద్ద ఇబ్బంది ఎదురవుతుంది. కోతలు ఎక్కువైతే దిమ్మె బలహీనపడి, పొడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ముక్కలు అటూ ఇటూ ఒరిగిపోతాయి. కారు తేలిపోతున్నట్టు ఉంటుంది. పాతకాలపు స్నో టైర్లకు ఈ చెడ్డపేరు ఉండేది. దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. పైకి గీతలా కనిపించే కోత లోపలికి నేరుగా దిగదు, అలల్లాగా మెలికలు తిరుగుతూ దిగుతుంది. మామూలుగా పోతున్నప్పుడు కోతలు తెరుచుకుని మంచును పట్టుకుంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎదురెదురు గోడల మెలికలు ఒకదానిలో ఒకటి దిగబడి, దిమ్మె మొత్తం ఒకే ముక్కలా నిలుస్తుంది.

ఆ మెలిక కోత ఎలా వస్తుందో ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. టైరును ముందు చేసి తర్వాత కోయరు. అచ్చులోనే ప్రతి కోతకూ ఒక సన్నని ఉక్కు రేకు అమర్చి ఉంటుంది. మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. పచ్చి టైరును అచ్చులో పెట్టి లోపలి నుంచి ఆవిరి ఒత్తిడితో అదిమి, పది పదిహేను నిమిషాలు ఉడికిస్తారు. రబ్బరు ఆ వందల రేకుల చుట్టూ పారి గట్టిపడుతుంది. తర్వాత అచ్చు ముక్కలుగా తెరుచుకుంటుంది. మెలికలు తిరిగిన ప్రతి రేకూ అప్పుడే గట్టిపడిన రబ్బరులోంచి, దాన్ని చించకుండా బయటికి రావాలి. రేకు వంగకూడదు, విరగకూడదు. మరుసటి టైరుకు మళ్లీ అదే పని, వేలసార్లు. ఎంత మెలిక పెట్టాలన్నది చివరికి ఈ బయటికి లాగడమే నిర్ణయిస్తుంది. మామూలు ఉక్కు రేకును వంచి చేయలేని ఆకారాల కోసం మిషెలిన్ లోహపు పొడిని లేజరుతో కరిగించి, పొరపొరగా పేర్చి ఈ రేకుల్ని తయారుచేస్తోంది. టైరు మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే పని ఇదే.

ఐసు మీద కథ మారుతుంది. మైనస్ ఇరవైలో ఐసు కొంత నయం. సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడే దాని పైన పలచని నీటి పొర ఏర్పడి భయంకరంగా జారుతుంది. దానికి పాత మందు ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు. జపాన్‌లో ఆ మేకులు చలికాలమంతా రోడ్లను గీరి, ఊళ్లను దుమ్ముతో నింపేశాయి. 1990లో చట్టం చేసి వాటిని కట్టడి చేశారు. చట్టానికి ముందే, మేకుల మీద ఆ వ్యతిరేకత వేడిలోనే బ్రిడ్జ్‌స్టోన్ 1988లో బ్లిజాక్ అనే టైరును తెచ్చింది. దాని రబ్బరులో కంటికి కనబడని గుల్లలుంటాయి. ఇడ్లీ సాంబారును పీల్చుకున్నట్టు అవి నీటి పొరను పీల్చుకుంటే, రబ్బరు నేరుగా ఐసును తాకుతుంది. అరుగుతున్నకొద్దీ కొత్త గుల్లలు తెరుచుకుంటాయి. టోయో కంపెనీ ఇంకో దారి పట్టి, వాల్‌నట్ పెంకుల్ని పొడి చేసి రబ్బరులో కలిపింది. ఆ పెంకు ఐసును గీరేంత గట్టిది, తారు రోడ్డును చెడగొట్టలేనంత మెత్తది. సరైన గట్టిదనం ఉన్న వస్తువు కోసం ఎంత వెతికి ఉంటారో!

మేకుల టైర్లను దక్షిణ ఒంటారియోలోనూ మిన్నెసోటాలోనూ అక్కడి నివాసులు వాడకూడదు. క్యూబెక్‌లో చలికాలంలో వాడవచ్చు. ఊళ్లో తిరిగే కుటుంబపు కారుకు మేకులు లేనివే మేలని నా అభిప్రాయం.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రవ్వ ఉన్న గుర్తు చూడండి. ఆ గుర్తుంటే ఆ టైరు తొక్కిన మంచు మీద పరీక్షకు నిలిచిందని అర్థం. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలకు అలాంటి పరీక్ష లేదు, ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేస్తారు. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. అక్కడ చెల్లేది కొండ గుర్తు. అయితే ఆ గుర్తు కూడా ఐసు మీద టైరు ఎలా ఆగుతుందో చెప్పదు. ఐసు మీద ఆగడం రబ్బరు మిశ్రమానికి, కోతలకు సంబంధించిన సంగతి.

కొలత దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కొన్ని క్యామ్రీలకు 235/45ఆర్18 టైర్లుంటాయి. చూడటానికి బాగుంటాయి. అదే కారుకు మరో మోడల్లో వచ్చిన 215/55ఆర్17 టైరును లెక్క కట్టి చూడండి. మొత్తం వ్యాసం ఒక మిల్లీమీటరు కూడా తేడా రాదు. స్పీడోమీటరు తప్పు చూపదు. వెడల్పు మాత్రం ఇరవై మిల్లీమీటర్లు తగ్గి, బురదమంచును చీల్చుకుని కింది రోడ్డును అందుకుంటుంది. పక్కగోడ ఎత్తు పెరిగి, మార్చి నెల గుంతల్లో రిమ్ము వంగకుండా కాపాడుతుంది. ధర కూడా తక్కువ. కారు మాన్యువల్లో ఆ కొలతకు అనుమతి ఉందో లేదో చూసుకుని, విడిగా ఉక్కు రిముల మీద ఎక్కించుకుంటే ఏటా రెండుసార్లు టైరును ఊడదీసి ఎక్కించే బాధ ఉండదు. రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా మంచి రిముల్ని తినేయదు.

ఏ ఊరికి ఏది? టొరంటోలో చలికాలమంటే సగం వాన, సగం బురదమంచు, ఉప్పు చల్లిన రోడ్లు. అక్కడ తడి మీద స్థిరంగా ఉండి, నాలుగైదు సీజన్లు నిలిచే మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నోను ఎంచుకుంటాను. కోతలు చివరిదాకా లోతుగా ఉండేలా చేశారు. విన్నిపెగ్, ఎడ్మంటన్ లాంటి చోట్ల నెలల తరబడి ఐసే రోడ్డు. అక్కడ హక్కపెలిట్టా ఆర్ వరుస గాని బ్లిజాక్ గాని. డబ్బు విషయంలో వెసులుబాటు లేనివాళ్లు కొండ గుర్తున్న చవక టైరైనా నిస్సంకోచంగా కొనవచ్చు. జనవరిలో ఖరీదైన ఆల్ సీజన్ టైరు కన్నా అది మేలు. మన తిరుపతి జిల్లా చినపాండూరులో కర్మాగారం ఉన్న అపోలో కంపెనీ 2009లో డచ్చి కంపెనీ వ్రెడెస్టీన్‌ను కొన్నది. ఆ పేరుతో వచ్చే వింట్రాక్ వింటర్ టైర్లు యూరప్‌లోని మనవాళ్లు చూడదగ్గవి.

హక్కపెలిట్టాలో నాకు బాగా నచ్చిన చిన్న సంగతి ఒకటి ఉంది. ట్రెడ్ మధ్యలో అంకెలు చెక్కి ఉంటాయి. ఇంకా ఎన్ని మిల్లీమీటర్ల లోతు మిగిలిందో అవి చెబుతాయి. అరిగేకొద్దీ ఒక్కో అంకె చెరిగిపోతుంది. వాటి పక్కన మంచు రవ్వ బొమ్మ ఒకటి. లోతు 4 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ బొమ్మ మాయమవుతుంది. ఆ లోతు దిగువన మంచులో టైరు పట్టు బాగా తగ్గిపోతుంది. ఐరోపాలో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లే అయినా, ఆస్ట్రియాలో వింటర్ టైరుకు 4 ఉండాలి. కొలిచే పరికరం లేనివాళ్లకు కూడా టైరే ఆ సంగతి చెప్పేలా చేసిన ఆలోచనలో ఎంతో ఆదరం ఉంది.

ఇక మీ వంతు. రెండు టైర్లే మార్చి డబ్బు మిగుల్చుకుందామని చూడకండి. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే బ్రేకు వేసినప్పుడు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకం వేయించండి. పక్కగోడ మీది చివరి నాలుగంకెల్లో టైరు ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో ఉంటుంది, షాపులోనే చదువుకోండి. చలి ఐదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా గాలి ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి నెలకోసారి గాలి చూడండి. ఒంటారియోలో ఉంటే బీమా కంపెనీని వింటర్ టైర్ల తగ్గింపు అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకు 2016 నుంచి ఉంది. ఉష్ణోగ్రత నిలకడగా 7 డిగ్రీల పైకి వచ్చాక వసంతంలో వాటిని తీసి దాచండి, వెచ్చని రోడ్డు మీద ఈ రబ్బరు త్వరగా అరిగిపోతుంది. అక్టోబరులోనే షాపులో సమయం తీసుకోండి. మొదటి మంచు కురిసిన వారంలో ఎక్కడా ఖాళీ దొరకదు.